పక్క నంబరు కారు

“కారు మీ ఆయనదామ్మా?”

అడుగుతూనే రాండల్ హాక్ కారు కిందికి వంగాడు. జవాబు కోసం ఆగలేదు. ఎర్లీన్ టిబ్స్‌కి ఈ ప్రశ్న ముప్పై తొమ్మిదేళ్లుగా అలవాటే. పెట్రోలు బంకుల్లో అడిగారు, చర్చి ముందు అడిగారు, రోడ్డు మీద ఆపిన పోలీసులైతే లైసెన్సు కన్నా ముందు ఇదే అడిగారు.

“నాదే,” అంది. “డెబ్భైలో నేనే ఆర్డరిచ్చి కొనుక్కున్నాను.”

“ఓహో, భేష్,” అన్నాడు కారు కిందినుంచి. చంటిపిల్ల బొమ్మ గీసి చూపిస్తే అనే గొంతు అది.

ఆవిడ తమ్ముడు క్లియోటిస్ మడత కుర్చీలో కూచుని గుడ్డు శాండ్‌విచ్ తింటున్నాడు. అక్క మొహం చూసి నమలడం ఆపాడు.

ఇప్సిలాంటి ఊరి మైదానంలో పాత కెస్ట్రెల్ కార్లున్న వాళ్లు ఏటా పెట్టుకునే జాతర ఇది. గురువారం తనిఖీ, ఆదివారం ప్రదర్శన. తనిఖీలో నెగ్గిన కారు సంఘం రిజిస్టరుకి ‘అసలుది’గా ఎక్కుతుంది. నెగ్గకపోతే ‘మార్చినది’ అని రాస్తారు. ఆ మాట ఒకసారి పడ్డాక కడిగినా పోదు. గాలిమూత ఉన్న కార్లకైతే తనిఖీ మరీ గట్టిగా ఉంటుంది. బానెట్ మధ్యలో ఒక మూత, స్టీరింగు కింద ఒక మీట. మీట నొక్కితే మూత లేచి ఇంజనుకి చల్లగాలి అందుతుంది. ఫ్యాక్టరీలోనే ఆ మూతతో, అదీ నేరేడుపండు రంగులో, తయారైనవి పదకొండే అని రిజిస్టరు లెక్క. పదకొండుకి ముప్పై తిరుగుతున్నాయి దేశంలో. అందుకే హాక్ లాంటి తనిఖీదారులకి అంత గిరాకీ.

హాక్ బయటికొచ్చి మోకాళ్లు దులుపుకున్నాడు. చేతిలో పళ్ల డాక్టరు అద్దం లాంటిది, ఇంకో చేతిలో టార్చి. బానెట్ కింద మూత రంధ్రాలు ఒక్కొక్కటీ వేలితో తడిమి చూశాడు. తన పని తనకి తెలిసిన మనిషే, కాదనడానికి లేదు.

“రంధ్రాలు సరిగ్గానే ఉన్నాయి. కానీ ఈ రోజుల్లో రంధ్రాలు అందరూ సరిగ్గానే వేస్తున్నారు. నంబరూ రంగూ కొట్టిన ఫ్యాక్టరీ రేకేదీ?”

“చక్రం మీది ఫెండరుతో పాటే పోయింది. డెబ్భై ఏడులో పాలలారీ గుద్దింది. షెడ్డువాడు పాత ఫెండరు తుక్కులో వేశాడు, రేకు దాని లోపల ఉందని నాకెవరూ చెప్పలేదు.”

“అయ్యయ్యో,” అని ఏదో రాసుకున్నాడు. “పోనీ, పని చీటీ దొరికిందా?”

చీటీ దొరికింది. మొన్న మంగళవారమే వెనక సీటు ఎత్తి, స్ప్రింగులకీ గోనెకీ మధ్య మడత పెట్టి ఉన్న కాగితాన్ని ఎర్లీన్ బయటికి తీసింది. ప్లాస్టిక్ కవరులో పెట్టి తెచ్చింది. సీటు రంగు గడి తప్ప, మిగతా అంకెలూ గళ్లూ చదివే విద్య తనకి రాదు. అసెంబ్లీ లైను మీద ప్రతి కారుకీ ఇలాంటి చీటీ ఉండేది. ఏ ఇంజను, ఏ రంగు, ఏ సీటు, అన్నీ అందులోనే.

హాక్ కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని చదివాడు. చదువుతుంటే మూతి ఓ పక్కకి పోయింది.

“ఇది మీ కారుది కాదమ్మా. మీ నంబరు చివర నాలుగువందల పద్దెనిమిది. ఇందులో పదిహేడు. ఆకుపచ్చ రంగు, చిన్న ఇంజను, ఆటోమేటిక్ గేరు. గాలిమూత లేదు. ఈ సీటు ఏ తుక్కుషెడ్డు నుంచో వచ్చి ఉంటుంది.”

“మొన్న మంగళవారం దాకా ఆ సీటు ఎప్పుడూ ఊడింది లేదు.”

“మీకు తెలియకుండా జరిగి ఉండొచ్చు.”

“నా కారు సీటు నాకు తెలియకుండా ఎవరు మారుస్తారయ్యా? దయ్యాలా?”

క్లియోటిస్ కిసుక్కున నవ్వాడు. హాక్ నవ్వలేదు. ఫారం మీద అడుగున పెన్సిలుతో ‘మార్చినది’ అని రాసి ఆవిడ చేతికిచ్చాడు. “పెన్సిలుతోనే రాశాను చూడండి. ఆదివారం పన్నెండింటి దాకా టైముంది. ఏదైనా ఆధారం తెస్తే చూద్దాం. అయినా కారు బంగారంలా ఉంది, ఎవరు మార్చారో గానీ మంచి పనివాడు.”

ఆ చివరి మాటకి ఎర్లీన్‌కి ఒళ్లు మండింది. ఇరవైరెండేళ్ల పిల్ల, కెస్ట్రెల్ ఫ్యాక్టరీలోనే పనిచేసి, రెండు షిఫ్టుల జీతం కూడబెట్టి, డీలరు గుమాస్తా “మీ నాన్నని తీసుకురా” అంటే ఆ కుర్చీలోంచి కదలకుండా కూచుని ఆర్డరు రాయించుకున్న కారది. ఆ గుమాస్తా పోయాడు, ఆ డీలరూ పోయాడు. ప్రశ్న మాత్రం ఇంకా బతికే ఉంది.

ఇంటికొచ్చాక వంటింటి బల్ల మీద సంఘం రిజిస్టరు పెట్టుకుని కూచుంది. మైదానంలో దుకాణంలో కొన్నది. క్లియోటిస్ పీచ్ పళ్లతో చేసిన తీపి కాబ్లరు గిన్నెలోంచే తింటున్నాడు.

“వదిలెయ్ అక్కా. ఆ హాక్ గాడు అసలుది అన్నంత మాత్రాన అసలుదవుతుందా, కాదంటే కాకుండా పోతుందా?”

“అయితే ఆ ఫారం తీసుకెళ్లి నీ గోడకి తగిలించుకో.”

“తెలిసిన సంగతికి కాయితమెందుకంటున్నా.”

“నీకు తెలుసు, నాకు తెలుసు. రేపు మనమిద్దరం పోతే? ఎవడో మంచి పనివాడు చేసిన దొంగకారు అని మిగిలిపోతుంది. నేను అబద్ధాలకోరునని మిగిలిపోతుంది. నోరు మూసుకుని తిను.”

వేలు పెట్టి నంబర్లు చూసుకుంటూ పోయింది. నాలుగువందల పదిహేడు దగ్గర వేలు ఆగింది. పక్కన నక్షత్రం గుర్తు. నేరేడుపండు రంగు, పెద్ద ఇంజను, గాలిమూత. అసలుది. ఓనరు నార్బర్ట్ విల్చెక్, ఊరు మన్రో. తనిఖీ చేసినది ఆర్. హాక్.

ఆవిడ ఆ వరుస రెండుసార్లు చదివింది. తర్వాత లేచి వెళ్లి కొళాయి తిప్పి చల్లటి నీళ్లు తాగింది.

“క్లియో, నువ్వు లైను మీద చక్రాలు బిగించావు గానీ మా సీట్ల గదిలోకి ఎప్పుడూ రాలేదు కదా. విను. చీటీ మాకొచ్చేది. చూసి, ఆ రంగు కవరు తొడిగి, తీగ రింగులు పటకారుతో బిగించి, చీటీ స్ప్రింగుల్లో దోపేవాళ్లం. పదిహేడు, పద్దెనిమిది, పంతొమ్మిది, అదే వరుసలో సీట్లు వచ్చేవి. రెండు పక్కపక్క సీట్లూ నల్లవే అయితే చీటీలు తారుమారైనా ఎవరికీ తెలిసేది కాదు. పదిహేడు చీటీ నా సీట్లో ఉందంటే...”

“నీది పదిహేడు సీట్లో ఉంది!” చెంచా కింద పడేశాడు క్లియోటిస్. అంతలోనే మొహం మారింది. “ఆగాగు. మన దగ్గరున్న చీటీ ఆ పెద్దాయన కారుదేగా. అందులో ఆకుపచ్చ, చిన్న ఇంజను...”

“ఊఁ.”

“అంటే ఆయనది...”

“ఊఁ.”

“హాక్ నక్షత్రం పెట్టాడే!”

“పెట్టాడు. నాలాంటి దాన్ని చూస్తే సీటు ఎత్తమంటాడు. ఆయన దగ్గర ఏ తళతళలాడే దొంగరేకో చూసి సరిపెట్టుకుని ఉంటాడు.”

క్లియోటిస్ కింద పడ్డ చెంచా తీసి తుడిచాడు. “అయితే ఒకటి చెప్తా విను. ముందు నీ చీటీ చేతికి రానీ. ఆయన చీటీ సంగతి ఆ తర్వాతే. ముందే చెప్పావో, సీటు కాదు, గరాజు తలుపు కూడా తెరవడు.”

ఎర్లీన్ చీటీ ఉన్న కవరు తీసి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది. అంటే ఒప్పుకున్నట్టే కదా.

శుక్రవారం పొద్దున్న కెస్ట్రెల్‌లోనే మన్రో వెళ్లారు. నార్బర్ట్ విల్చెక్ డెబ్భై దాటిన మనిషి. చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని వాకిట్లోనే ఎదురుచూస్తున్నాడు. ఫోనులో ‘పక్క నంబరు కారు నాది’ అన్నందుకే మురిసిపోయాడు. ఆవిడ కారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. మీ ఆయనదా అని అడగలేదు. “ఎన్ని మైళ్లు నడిపారండీ?” అని అడిగాడు. ఎర్లీన్‌కి అక్కడే సగం ప్రాణం చల్లబడింది. మిగతా సగం చివుక్కుమంది కూడా.

కాఫీ తాగించి గరాజులోకి తీసుకెళ్లాడు. నేల అన్నం పెట్టుకు తినేంత శుభ్రంగా ఉంది. మధ్యలో నేరేడుపండు రంగు కారు.

“పదకొండేళ్లయింది కొని,” అన్నాడు నార్బర్ట్. “మా హెలెన్ కాలం చేసిన ఏడాది. ఇల్లంతా ఖాళీగా ఉంటే పిచ్చెక్కేది. పొద్దున్నే ఇక్కడికొచ్చి దీన్ని తుడుస్తాను. అసలుది కదండీ, చెయ్యి వెయ్యాలంటేనే భయం. సీటు ఎప్పుడూ ఎత్తలేదు. పాత కవరు, పిగిలిపోతుందేమోనని.”

“నా చేతిలో పిగలదు. ముప్పై ఒక్క ఏళ్లు ఇదే పని చేశాను.”

హ్యాండ్‌బ్యాగులోంచి పటకారు తీసింది. అదే బ్యాగులో, అద్దాల పెట్టె పక్కన, ప్లాస్టిక్ కవరులో ఆయన చీటీ ఉంది. అది చేతికి తగిలింది. తగిలినా తియ్యలేదు.

సీటు ముందంచుకి మోకాలు ఆనించి వెనక్కి నెట్టి, ఒక్క ఊపున పైకి లేపింది. క్లియోటిస్ అందుకుని దుప్పటి మీద బోర్లా పెట్టాడు. పైకి ఏమీ కనపడలేదు. ఎర్లీన్ నేల మీద చతికిలబడి గోనె అంచు వెంట వేళ్లు జరుపుతూ పోయింది. ఎడమ మూల దగ్గర ఆగి, అక్కడి నాలుగు రింగులు పటకారుతో విప్పింది. తుప్పు పొడి ఒళ్లో రాలింది. రెండు వేళ్లు లోపలికి పెట్టి మెల్లగా లాగింది.

మడత పెట్టిన కాగితం, టీ రంగుకి తిరిగింది. ఓ మూల ఎలుక కొరికింది. నంబరు మాత్రం చెక్కుచెదరలేదు. నాలుగువందల పద్దెనిమిది.

“రంగు గడిలో నేరేడుపండు. గాలిమూత గడిలో గుర్తు.” నార్బర్ట్ కళ్లజోడు పెట్టుకుని గట్టిగా చదివాడు. “ఇదిగో, ఇక్కడ నీలం చాక్‌తో ఎవరో రాశారు. ‘ఎర్లీన్, మెల్లగా నడుపు. మమ్మల్నీ ఎక్కించుకో. విల్లా మే.’”

ఆ పేరు వినగానే ఎర్లీన్‌కి అంతా గుర్తొచ్చింది. ఆ మధ్యాహ్నం తన చీటీ వచ్చిందని గదిలో ఆడవాళ్లంతా పని ఆపేశారు. చేతులు మార్చుకుంటూ చదివారు. ‘చర్చిలో పాటలు పాడే పిల్లకి గాలిమూత ఎందుకే’ అని విల్లా మే పడీ పడీ నవ్వింది. ఎవరో ‘ఫోర్‌మన్!’ అన్నారు. కాగితం చేతిలోకొచ్చింది, ఎదురుగా ఉన్న సీట్లో దోపేసింది. ఎవరి తప్పూ కాదు. తన చేతులే చేశాయి, ఆ సంతోషంలో. ఆవిడ నేల మీదే కూచుని గుండెలవిసేలా ఏడ్చింది. విల్లా మే పోయి పదేళ్లయింది.

నార్బర్ట్ మంచినీళ్లు తెచ్చిచ్చాడు. ఆయన కళ్లు కూడా తడిగానే ఉన్నాయి. అంతలో ఆయనకి ఆలోచన తట్టింది, మొహం వెలిగిపోయింది. “అయితే నాది మీ సీట్లో ఉండాలిగా!”

ఎర్లీన్ గ్లాసు కింద పెట్టింది. బ్యాగు తెరిచి కవరు ఆయన చేతిలో పెట్టింది.

ఆయన చదివాడు. మళ్లీ మొదటినుంచి చదివాడు. కారు వైపు చూశాడు, కాగితం వైపు చూశాడు.

“ఆకుపచ్చ,” అన్నాడు చివరికి.

“అవునండీ.”

“లోపలికొచ్చేటప్పుడే మీకిది తెలుసు.”

“తెలుసు.”

“నా కాఫీ తాగారు. హెలెన్ సంగతి చెప్తుంటే విన్నారు. అప్పుడూ మీ బ్యాగులోనే ఉంది.”

“ముందే చెప్తే సీటు తెరిచేవారా?”

“ఏమో,” అన్నాడు నార్బర్ట్. “అడిగి చూడాల్సింది.”

నిజమే, అడిగి చూడాల్సింది. తనని ఎవరూ అడిగి, ఆగి వినలేదని నలభై ఏళ్లు కుళ్లుకున్న మనిషి, ఇంకొకరి విషయంలో అదే చేసింది. సిగ్గుతో మొహం కాలిపోయింది. విప్పిన నాలుగు రింగులూ మళ్లీ బిగించి, సీటు దాని చోట కూచోబెట్టి, చేతులు తుడుచుకుంది.

“మీ కాయితం మీ దగ్గరే ఉంచుకోండి,” అంది. “నేను మీ పేరెత్తను. మాటిస్తున్నాను.”

ఆయన గరాజు తలుపు తీసి పట్టుకున్నాడు. బయటికి సాగనంపడానికి రాలేదు.

“నీకు మతిపోయింది,” అన్నాడు క్లియోటిస్ దారిలో. “ఆయన పేరు చెప్పకుండా ఆ చీటీ ఎక్కడ దొరికిందంటావు? ఆకాశంలోంచి ఊడిపడిందంటావా?”

“దొరికిందంటాను.”

“ఆ హాక్ గాడు నమ్ముతాడా?”

“నమ్మకపోతే నమ్మేదాకా అక్కడే కూచుంటాను. డీలరు దగ్గర కూచోలేదూ? కానీ అబద్ధమాడను, ఇచ్చిన మాట తప్పను.”

ఆదివారం తొలి ఆరాధన ముగించుకుని, చర్చి టోపీతోనే మైదానానికి వచ్చింది. పాత విజేతల కార్లకి వేరే వరుస, ఎదురుగానే. అక్కడ నార్బర్ట్ కారు ఉంది. పక్కనే ఆయన, గుండీలు మెడదాకా పెట్టుకుని. ఇటు చూశాడు, తల తిప్పుకున్నాడు.

పదకొండున్నరకి హాక్ వచ్చాడు, వెనక ఓ పదిమంది. ఎర్లీన్ చీటీ ఇచ్చింది. హాక్ దాన్ని ఎండకి పెట్టి చూశాడు, వాసన చూశాడు, కొరికిన మూల గోరుతో గీకాడు.

“నంబరు మీదే. గళ్లన్నీ కలిశాయి. చాలా బాగుంది.” చీటీ మళ్లీ తిప్పి చూశాడు. “మరీ బాగుంది. అమ్మా, గురువారం లేని చీటీ ఆదివారానికి ఎక్కడిదమ్మా? ఇలాంటివి అచ్చువేసి, టీ నీళ్లలో నానబెట్టి అమ్మేవాళ్లు నలుగురు నాకే తెలుసు. ఎలుక కొరుకుడు కూడా వాళ్లే కొరికిపెడతారు.”

పదిమందిలో ఎవరో నవ్వారు.

“ఇంకో కారు సీట్లో దొరికింది,” అంది ఎర్లీన్. “నా చేతుల్తో తీశాను.”

“ఏ కారు?”

“చెప్పను.”

“తీస్తుంటే చూసినవాళ్లు?”

“ఒకాయన చూశారు. పేరు చెప్పనని మాటిచ్చాను.”

క్లియోటిస్ టోపీ తీసి మొహం కప్పుకున్నాడు. హాక్ తల అడ్డంగా ఊపి జేబులోంచి పెన్ను తీశాడు. పెన్సిలు మాటని సిరాతో దిద్దడానికి. “మీరే చెప్పండమ్మా, నా చోట మీరుంటే ఏం రాస్తారు?”

“కారు కొన్నప్పుడు ఎవరూ నమ్మలేదు, అయినా కొన్నాను,” అంది ఎర్లీన్. “నువ్వు ఏం రాసినా ఇది నాదే. కానీ తప్పు రాస్తున్నావు, తెలుసుకుని రాయి. పైయేడు మళ్లీ వస్తాను. ఆ పైయేడూ వస్తాను.”

హాక్ కాగితం మీద పెన్ను ఆనించాడు.

“ఆగు, రాండల్.”

నార్బర్ట్ విల్చెక్ గడ్డి మీద మెల్లగా నడిచొచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు. ఎర్లీన్ వైపు చూడలేదు.

“ఆ చీటీ నా కారులో దొరికింది. నా గరాజులో, నా కళ్లముందు తీసింది. నాలుగువందల పదిహేడు. రాసుకో.”

“నీ కారులోనా?” హాక్ నవ్వబోయాడు. “మరి నీ చీటీ?”

“ఈవిడ కారులో ఉంది. గురువారం నువ్వే చదివావట కదా.” కవరు అతని చేతిలో పెట్టాడు.

హాక్ చూశాడు. గురువారం తాను చదివిన కాగితమే. నంబరు మీద అతని వేలు ఆగిపోయింది. మెడ నుంచి చెవుల దాకా ఎర్రబడింది. వెనక్కి చూసి, గొంతు తగ్గించాడు. “నార్బ్, ఒక పని చేద్దాం. ఈవిడది అసలుది అని రాసేస్తాను. చీటీ ఎక్కడ దొరికిందో రాయక్కర్లేదు. నీ నక్షత్రం నీకుంటుంది. ఎవరికీ ఏ నష్టం లేదు.”

“నష్టం నీకా నాకా?”

హాక్ కవరు తిరిగి ఇవ్వబోయాడు.

“ఎక్కడ దొరికిందో రాయకపోతే ఎవడో ఒకడు పైయేడు మళ్లీ టీ నీళ్లంటాడు,” అన్నాడు నార్బర్ట్. “ఈవిడ మాటిచ్చి నిలబెట్టుకుంది. రెండ్రోజులు చూశాను, నా పేరు ఎక్కడ బయటికొస్తుందా అని. రాలేదు. ఈవిడ నోరు మూసుకుని ఓడిపోతుంటే నేను అక్కడ నిలబడి నక్షత్రం తుడుచుకోవాలా? ముందు ఈవిడది రాయి. పెన్నుతో. తర్వాత అటొచ్చి నాది కొట్టెయ్.”

హాక్ రాశాడు. ‘మార్చినది’ మీద గీత కొట్టి ‘అసలుది’ అని రాశాడు. దాని కింద, ‘చీటీ 417 సీట్లో దొరికింది, సాక్షి ఎన్. విల్చెక్’. క్లియోటిస్ అతని భుజం మీదుగా వంగి అక్షరం అక్షరం చూసుకున్నాడు. జనం మెల్లగా చెదిరిపోయారు. హాక్ రాసుకునే అట్టా కాగితాలూ పట్టుకుని ఎదుటి వరుస వైపు నడిచాడు.

ఎర్లీన్‌కి ‘థాంక్స్’ అంటే సరిపోదనిపించింది. “నార్బర్ట్ గారూ, ఆవేళ నేను ముందే అడగాల్సింది,” అంది.

“అడగాల్సింది,” అన్నాడు ఆయన. ఇంకా కోపం పోలేదు. అయినా కదల్లేదు. ఆవిడ కారు బానెట్ వైపే చూస్తున్నాడు. చాలాసేపటికి అడిగాడు, “ఆ మూత ఎలా లేస్తుందో ఒకసారి చూపిస్తారా? పదకొండేళ్లుగా ఉందనుకున్నాను గానీ, అసలుది నేనెప్పుడూ చూడలేదు.”

ఎర్లీన్ డ్రైవరు తలుపు తెరిచింది. తాను ఎక్కకుండా పక్కకి జరిగింది.

“కూచోండి. ఇంజను వెయ్యండి. మీట స్టీరింగు కింద, ఎడమ పక్కన. మీరే నొక్కండి.”

నార్బర్ట్ ప్యాంటుకి చేతులు తుడుచుకుని కూచున్నాడు.